చన్నీళ్ళ వాల్వు

వేడినీళ్ళాయన అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. సొంత పేరు ఒకటుంది గానీ, దాన్ని ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళుగా మేడలమీద సోలార్ హీటర్లు బిగించడం, పాడైతే బాగుచేయడం అతని పని. ఎండలో నిలబడీ నిలబడీ మనిషి కాల్చిన కుండ రంగుకి వచ్చాడు. ఊరంతా ఎండని తిట్టుకుంటూ నీడ వెతుక్కుంటుంటే, అతను మాత్రం తల పైకెత్తి, చాలాకాలానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు సంతోషంగా చూసేవాడు. అలాంటి మనిషికి వేసవిలో ఎవరూ ఎదురుపడాలనుకోరు.

"వేడినీళ్ళు రావట్లేదయ్యా" అని ఎవరు ఫోన్ చేసి మొత్తుకున్నా అతను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే.

"చన్నీళ్ళ వాల్వు తెరిచే ఉందా?"

పదిమందిలో ఆరుగురు నాలిక కరుచుకునేవారు. కిందనుంచి చన్నీళ్ళు తోస్తేనే ట్యాంకులోంచి వేడినీళ్ళు కదులుతాయి. ఆ వాల్వు కట్టేసుకుని కూర్చుంటే ట్యాంకు నిండా మరిగే నీళ్ళున్నా కుళాయిలో చుక్క రాలదు. ఇంత చిన్న సంగతి అంతంత చదువులు చదివినవాళ్ళకి ఎందుకు ఎక్కదో అతనికి అర్థమయ్యేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి చెప్పి పడీపడీ నవ్వేవాడు. అన్నిసార్లు నవ్వకుండా ఉండాల్సింది.

అతనికి ఒక అక్క. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని సాకింది ఆవిడే. ఆవిడది కుట్టుపని. ఆస్పత్రులకి డాక్టర్ల తెల్లకోట్లు, నర్సుల బట్టలు కుట్టి ఇస్తుంది. ఇంట్లో కరెంటుతో నడిచే పెద్ద మిషను, పది అడుగుల కటింగ్ బల్ల, రెండు ఇస్త్రీపెట్టెలు ఉన్నాయి. ఆ చేత్తో కుట్టిన కాలరు ఎన్ని ఉతుకులకైనా వాలదని చెప్పుకుంటారు. మూడేళ్ళ కిందట ఆ బల్ల పట్టే ఇల్లు కావలసివచ్చి, "ఒరేయ్ తమ్ముడూ, రోజంతా మేడలెక్కి తిరుగుతావు కదా, నాకో వాటా చూసిపెట్టరా" అంది.

చూశాడు. నాలుగంతస్తుల మేడలో అన్నిటికన్నా పై వాటా. బల్ల పట్టింది, బల్ల చుట్టూ మనిషి తిరగడానికి చోటూ మిగిలింది. ఆ మేడమీద హీటరు బిగించింది కూడా అతనే.

"ఏం ఎండ అక్కా! పొద్దున్న ఏడింటికి పడితే సాయంత్రం ఆరుదాకా అడ్డమన్నది లేదు. చెట్టు లేదు, పక్కన ఎత్తు మేడ లేదు. ఇలాంటి మేడ ఇంకోటి దొరకదు" అన్నాడు.

తమ్ముడి మాట మీద గురితో ఆవిడ సామాను దింపుకుంది. వేసవి మొదలైన పదో రోజున చెమటలు కక్కుతూ, పైన స్లాబు కేసి, తమ్ముడి కేసి మార్చిమార్చి చూసింది.

"ఇల్లు చూడమంటే ఎండ చూశావు కదరా."

అతను ఆ మాటకి నవ్వాడు. అప్పట్లో అది నవ్వే మాటలాగే ఉంది.

బావ మాత్రం నవ్వలేదు. బావ ఒక బడిలో ప్రయోగశాల చూసుకుంటాడు. గాజు గొట్టాలు కడగడం, సీసాలకి చీటీలు అంటించడం, ఏది ఎక్కడిదో అక్కడ పెట్టడం ఆయన ఉద్యోగం. కళ్ళతో చూసి కొలిస్తే తప్ప దేన్నీ నమ్మడు. గదిలో క్యాలెండరు పక్కన ఒక థర్మామీటరు తగిలించి, మధ్యాహ్నం రెండింటి వేడి ఎంతో రోజూ ఆ తేదీ గడిలో రాయడం మొదలుపెట్టాడు. ముప్ఫైతొమ్మిది, నలభై, నలభై ఒకటి. బావమరిది వచ్చినప్పుడల్లా నోరు మెదపకుండా ఆ క్యాలెండరు వేపు చెయ్యి చూపించేవాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

కూలరు పెట్టి చూశారు. తేమకి తెల్లబట్టమీద పసుపుపచ్చ మరకలు పడ్డాయి. ఏసీ పెడదామంటే ఆ మేడలో తీగలు తాతలనాటివి, మిషనూ ఇస్త్రీపెట్టే ఏసీ మూడూ కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది. ఫ్యాను తిప్పితే కత్తిరించిన ముక్కలు గదంతా ఎగురుతాయి, పైగా అది తిప్పేదీ వేడిగాలే. ఇక మిగిలింది ఓర్చుకోవడం. అక్క రెండు వేసవులు ఓర్చుకుంది. మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి పడింది. పడుతూ చెయ్యి పెట్టెమీద ఆనించింది. ఎడమ అరచేతిలో త్రికోణం మచ్చ ఇప్పటికీ ఉంది.

"ఇంకో వేసవి ఆ గదిలో పనిచేస్తే నేను పూచీ పడను" అన్నాడు డాక్టరు. ఆయన ఒంటిమీది కోటు కూడా ఆవిడ కుట్టిందే.

అందుకని ఈ ఏడు ఎండలు మొదలవగానే బావ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. మిషను అమ్మేస్తాడు. కొనేవాణ్ణి మాట్లాడాడు కూడా. నెలాఖరు ఆదివారం వచ్చి చూసుకుని పట్టుకెళ్తాడు.

"మిషను కావాలా, మనిషి కావాలా అంటే నేను మనిషే కావాలంటాను" అన్నాడు బావ. అందులో తప్పేముంది?

అక్క ఆ వారమంతా పని అయ్యాక మిషనుకి నూనె వేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మూత పెట్టి, మళ్ళీ మూత తీసి ఇంకోసారి తుడిచింది. తమ్ముడు అది చూశాడు. తన చేతులతో తనే అక్కని తెచ్చి ఈ పెనంమీద కూర్చోబెట్టాడు. ముప్ఫై ఏళ్ళ పని ఆవిడ చేతిలోంచి జారిపోతుంటే అది తన మూలాన్నే.

"పదిహేను రోజులియ్యి బావా. గది చల్లబరిచి చూపిస్తాను."

"నువ్వా? నీళ్ళు కాచేవాడివి నువ్వు."

"వేడి సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు చెప్పు?"

"అదే నా భయం" అన్నాడు బావ. కానీ పదిహేను రోజులిచ్చాడు.

వేడినీళ్ళాయన తనకి తెలిసిన విద్యే ప్రయోగించాడు. ట్యాంకు చుట్టూ మందంగా ఫోమ్ కప్పితే లోపలి వేడి బయటికి పోదు. మరి గది చుట్టూ కప్పితే బయటి వేడి లోపలికి రాదు కదా! స్లాబు అడుగున ఫోమ్ పలకలు అంటించాడు. పడమటి గోడకీ అంటించాడు. గోడ నెత్తిన ఉన్న రెండు వెంటిలేటర్లకీ కొలత తీసి ముక్కలు కోసి బిగించాడు. కిటికీ సందుల్లో రబ్బరు పట్టీ దూర్చాడు. నాలుగు రోజులు పట్టింది. గది తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా తయారైంది. నిచ్చెన పట్టుకోవడానికి వచ్చిన అతని భార్య చుట్టూ చూసి ముక్కున వేలేసుకుంది.

"వదినా, ఇదేమిటి, గాజు సామాను పార్సిలు చేసినట్టు చేశాడు మిమ్మల్ని?"

"చల్లగా ఉంటే చాలు, పార్సిలైనా పరవాలేదు" అంది అక్క.

మొదటిరోజు పొద్దున్న నిజంగానే చల్లగా ఉంది. పదకొండింటికి బయట ముప్ఫైతొమ్మిది ఉంటే లోపల ముప్ఫైమూడు. బావ థర్మామీటరుని వేలితో కొట్టి మళ్ళీ చూశాడు. వేడినీళ్ళాయన ఛాతీ విరుచుకుని, ఇక నాకేం పని అన్నట్టు వేరే మేడమీద గొట్టాలు మార్చడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అయిదింటికి బావ ఫోన్ చేశాడు. "రా" అని ఒక్క మాటన్నాడు.

వెళ్ళేసరికి అక్క గదిలో లేదు. మెట్లమీద, తమ గుమ్మానికి రెండు మెట్లు కింద, గోడకి జారగిలబడి కూర్చుంది. ముఖమంతా తడి. బావ పక్కనే చెంబు పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ కళ్ళు తిరిగాయట. ఈసారి పెట్టెమీద పడలేదు, బట్టల కుప్పమీద పడింది. వేడినీళ్ళాయన గదిలోకి తొంగిచూశాడు. గుప్పుమని మొహానికి కొట్టింది. థర్మామీటరు నలభై మూడు చూపిస్తోంది. బయట అప్పటికి ముప్ఫై ఎనిమిదే.

"ఇదెట్లా అయింది?" అన్నాడు, ఎవరినో అడుగుతున్నట్టు.

"నువ్వే చెప్పాలి" అన్నాడు బావ. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది, గొంతు మాత్రం పెంచలేదు.

అక్క కళ్ళు తెరిచింది. "ఒరేయ్, నీ ట్యాంకులో నీళ్ళు ఎంతసేపు వేడిగా ఉంటాయిరా?"

"సాయంత్రం కాగినవి మర్నాడు పొద్దుటికి కూడా పొగలు కక్కుతూనే..." అని అలవాటుగా మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు.

రెండు ఇస్త్రీపెట్టెలు పొద్దుటినుంచీ కాలుతున్నాయి. మిషను మోటారు తిరుగుతోంది. మనిషి ఒంటి వేడి ఒకటి. అంతా లోపలే పుట్టింది. లోపల పుట్టిన వేడి పోవడానికి అతను చీమ దూరే సందు కూడా మిగల్చలేదు. బయటి ఎండని ఆపాడు, నిజమే. కానీ లోపల పొయ్యి ఉన్న గదికి దుప్పటి కప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ట్యాంకులు కప్పిన చేత్తో అక్కని కూడా ట్యాంకులో పెట్టి మూత బిగించాడు.

అతను అక్క కాళ్ళ దగ్గర మెట్టుమీద కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. "నన్ను నాలుగు తన్ను అక్కా."

"తన్నడానికి ఓపికేది? ఇక్కడ చల్లగా ఉంది, కాసేపు కూర్చోనీ."

నిజమే, అక్కడ చల్లగా ఉంది. ఎండ మొహం ఎరగని మెట్ల గది, నేల అంతస్తులో పెద్ద నీళ్ళ తొట్టి, కిందినుంచి పైదాకా నీడ. అతనికి అప్పుడు తట్టలేదు గానీ, ఆ మాట చెవిలో ఉండిపోయింది.

కన్నీళ్ళు తుడుచుకుని మేడమీదికెళ్ళి తను బిగించిన హీటరు ముందు నిలబడ్డాడు. ఏం చేయాలో తోచనప్పుడు అతను హీటర్ల దగ్గర నిలబడతాడు. నల్లటి ప్లేటు, పైన గాజుపలక, లోపల రాగి గొట్టాలు. రెండేళ్ళ కిందట ఇలాంటి పెట్టెలోంచే గొట్టాలు ఊడదీశాడు, ఉప్పునీళ్ళకి చిల్లులు పడ్డాయని. ఖాళీ పెట్టెని ఎండలో వదిలేసి భోజనం చేసి వచ్చి, పై చిల్లు దగ్గర మొహం పెట్టి చూడబోతే ఉఫ్‌మని వేడిగాలి కొట్టి కనుబొమలు మాడాయి. ఆరోజు దాన్ని బండబూతులు తిట్టాడు. ఇప్పుడు ఆలోచించాడు. ఆ గాలిని ఎవరు ఊదారు? ఎవరూ ఊదలేదు. ఎండకి పెట్టెలో గాలి కాగింది, కాగిన గాలి పైకి పోయింది. పైనుంచి పోయినంత గాలీ కింది చిల్లులోంచి లోపలికి వచ్చే ఉండాలి. ఆ కింది చిల్లుని గది వెంటిలేటరుకి కలిపితే?

ఎండ ఎంత కాస్తే పెట్టె అంత గట్టిగా గదిలోని వేడిగాలిని పైకి లాగేస్తుంది. కరెంటు అక్కర్లేదు. ఫ్యాను అక్కర్లేదు.

అతను మూడేసి మెట్లు దూకుతూ దిగి చెప్పాడు. బావ ఓపిగ్గా అంతా విన్నాడు.

"అంటే ఇప్పుడు మా నెత్తిమీద ఇంకో పొయ్యి పెడతానంటావు."

"పొయ్యే బావా. కానీ గదిని లాగే పొయ్యి."

"ఆదివారానికి వారమే ఉంది" అన్నాడు బావ.

ఆ వారం వేడినీళ్ళాయన వేరే పని ముట్టలేదు. పెరట్లో పడున్న పాత పెట్టెలు రెండు తీసి, తుప్పు గీకి, ప్లేట్లకి నల్లరంగు వేసి, గాజుపలకలు కడిగాడు. రేకు వంచి మోచెయ్యిలా ఒక గొట్టం చేశారు. కోత అతనిది, మేకులు భార్యవి. "నీ చేతికిస్తే దీనికి కూడా ఫోమ్ చుడతావు" అని ఆవిడే దగ్గరుండి చూసింది. వెంటిలేటర్ల ముక్కలు ఊడబీకారు. వాటి నోటినుంచి రేకు గొట్టాన్ని గోడ వెంబడి పైకి తీసుకెళ్ళి, మేడమీద ఏటవాలుగా నిలబెట్టిన పెట్టెల అడుక్కి కలిపారు. పలకలు స్లాబుకి అలాగే ఉంచారు. శనివారం పొద్దు వాలే వేళకి అంతా అయింది. వెంటిలేటరు చువ్వకి అక్క ఒక మూరెడు ఎర్రదారం ముడి వేసింది.

"గాలి కంటికి కనపడదు కదరా. దారమైతే ఊగుతుంది" అంది.

ఆదివారం ఎండ మహా బాగా కాసింది. తొమ్మిదింటికి దారం కదల్లేదు. ఇంకా పెట్టె కాగాలి అనుకున్నాడు. పదింటికి కదల్లేదు. వేడి రాకుండా తలుపు వేసి, మేడమీదికి పరిగెత్తి పెట్టె పై నోటి దగ్గర చెయ్యి పెట్టాడు. చెయ్యి చుర్రుమంది, కానీ గాలి తోపు లేదు. గొట్టం అతుకులన్నీ తడిమాడు. ఎక్కడా చిల్లు లేదు. పదకొండింటికి గదిలో ముప్ఫై ఏడు. అక్క ఇస్త్రీ ముగించి మిషను ముందు కూర్చుని ఒక కోటుకి కాలరు వేస్తోంది. అదే చివరి కోటు అని ఆవిడకీ తెలుసు, అందుకే చాలా నెమ్మదిగా కుడుతోంది. దారం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వేలాడుతోంది.

బావ క్యాలెండరు దగ్గర నిలబడి ఆనాటి గడిమీద వేలు పెట్టాడు. అది చూసి వేడినీళ్ళాయన ప్రాణం చచ్చిపోయింది. "ఇంకొక్క రోజు" అనడానికి నోరు రాలేదు. ఇంకొక్క రోజు అడిగి అడిగి మనిషినే పోగొట్టుకుంటారా?

తలుపు చప్పుడైంది. మిషను కొనేవాడు.

బావ వెళ్ళి గడియ తీసి తలుపు పూర్తిగా తెరిచాడు.

హేంగర్లకి వేలాడుతున్న తెల్లకోట్లు ఒక్కసారి ఊగాయి. బల్లమీది చాక్ ముక్క దొర్లి కింద పడింది. ఎర్రదారం లేచి, సూదిమొనలా నిటారుగా సాగి, వెంటిలేటరు లోపలికి దూరిపోయింది. అక్క మెడమీద చల్లటి గాలి తగిలింది. ఆవిడ కాలు మిషను పెడలు మీద ఆగింది.

అంతలో కొనేవాడు గుమ్మంలోకి వచ్చాడు. మంచి భారీ మనిషి, గుమ్మం నిండిపోయింది. దారం మళ్ళీ చతికిలబడింది.

వేడినీళ్ళాయన దారం కేసి చూశాడు, గుమ్మం కేసి చూశాడు, రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు.

"చన్నీళ్ళ వాల్వు!"

"ఏమిటి?" అన్నాడు బావ.

"తలుపు బావా! కింద తలుపు మూసుకుని పైనుంచి గాలి పొమ్మంటే ఎట్లా పోతుంది? రేపణ్ణించి నన్ను చూసి ఊరంతా నవ్వినా నాకు అభ్యంతరం లేదు!"

నాలుగు వేసవులుగా ఆ తలుపు మూసే ఉంది. వేడి వస్తుందని మూశారు. కిటికీలకి అతనే రబ్బరు పట్టీలు దూర్చాడు. గాలి లోపలికి రావడానికి దారే లేదు. తలుపవతల మెట్ల గది నిండా చల్లటి గాలి, నాలుగంతస్తుల గాలి, ఎవరైనా పిలిస్తే వద్దామని కూర్చుని ఉంది.

కొనేవాడికి ఇవేమీ తెలియవు. "మిషను ఇదేనాండీ?" అంటూ గుమ్మంలో నిలబడే మెడ సాచాడు.

అక్క తల ఎత్తలేదు. కాలరు అంచు మచ్చ ఉన్న చేత్తో సరిచేసుకుంటోంది.

"బాబూ, గుమ్మంలో నిలబడకు. గాలికి అడ్డం."

అతను కంగారుగా లోపలికి జరిగాడు. దారం లేచి నిలబడింది. ఈసారి పడలేదు.

బావ థర్మామీటరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కొనేవాడు మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మంచినీళ్ళు తాగాడు, ఇంకెవరైనా ఏమైనా అంటారేమోనని చూశాడు. ముప్ఫై ఏడు ముప్ఫై ఆరయింది. ముప్ఫై అయిదయింది. బయట నలభై. బావ పెన్సిలు తీశాడు, ఇంకా మధ్యాహ్నం రెండు కాలేదని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కొనేవాడి భుజంమీద చెయ్యి వేసి, మెట్లదాకా తీసుకెళ్ళి, ఏదో నచ్చజెప్పి పంపేశాడు. తిరిగొచ్చేటప్పుడు మెట్ల మలుపులో పడున్న ఇటుక ఒకటి చేత పట్టుకొచ్చి, తలుపు మూసుకోకుండా దాని అడుగున గట్టిగా దూర్చాడు.

అక్క అప్పటికే కోటు రెండో చేతికి కుట్టు మొదలుపెట్టింది.